వంటిల్లు కోసం కొన్న టైంషేరు: పదేళ్ల తర్వాత

డిస్నీ వెకేషన్ క్లబ్ అంటే డిస్నీ వారి టైంషేరు, రిసార్టులలో ఏటా కొన్నాళ్లు బస చేసే హక్కును పాయింట్ల రూపంలో చాలా ఏళ్లకు కొనుక్కోవడం. మేము 2015లో ఆ పాయింట్లను ఏడాదికి 160 చొప్పున రీసేల్‌లో, అంటే పాత సభ్యుల నుంచి కొన్నాము. మా హోమ్ రిసార్టు, అంటే మా పాయింట్లు ముడిపడి ఉన్న చోటు, ఒర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌లోని సరటోగా స్ప్రింగ్స్. రైడ్ల సంగతులు ఈపాటికి చదివే ఉంటారు కనుక వాటి జోలికి పోను. ఇన్నేళ్లూ నన్ను దానికి కట్టిపడేసినది ఒక్కటే, వన్ బెడ్‌రూమ్ విల్లాలోని వంటిల్లు.

మేముండే షార్లెట్ నుంచి కారులో ఎనిమిది గంటలకు పైగా ప్రయాణం కాబట్టి కుక్కరు, సోనామసూరి బియ్యం, ఆవకాయ సీసా డిక్కీలో పెట్టుకొని వెళ్లగలిగేవాళ్లం. 2017 జూన్‌లో అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆ వంటిల్లు విలువ పూర్తిగా తెలిసింది. మామగారికి షుగరు ఉండడం వల్ల వేళకు అన్నం పడాలి. అత్తగారేమో ఏ గరిటె ఏ మాంసంలో పెట్టారోనన్న శంకతో పార్కులో పళ్ల ముక్కలు తప్ప మరేమీ ముట్టేవారు కాదు. పొద్దున్నే మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు వెళ్లి, ఎండ ముదిరేసరికి బస్సులో విల్లాకు తిరిగివచ్చి, పప్పూ అన్నమూ తిని కాసేపు నడుం వాల్చి, బాణసంచా వేళకు మళ్లీ వెళ్లేవాళ్లం. హోటల్ గదిలో దిగి ఉంటే ఆ ఇద్దరితో వారం రోజులు గడిచేవి కావు.

మూడో రోజు అత్తగారు పప్పుచారుకు తాలింపు పెట్టబోయారు. అక్కడ ఉన్నది గ్యాసు కాదు, కరెంటు పొయ్యి. మంట కనబడదు, మీట తగ్గించినా పళ్లెం వేడి వెంటనే దిగదు. ఆ సంగతి ఆవిడకు తెలియదు, చెప్పాలని నాకు తోచలేదు. ఆవాలు చిటపటలాడేలోపే ఎండుమిరపకాయలు మాడి, ఘాటుకు అందరం దగ్గుతుండగా స్మోక్ అలారం మోగింది. పిల్లలు చెవులు మూసుకొని బాల్కనీలోకి పరుగెత్తారు. మామగారు పంచె సర్దుకుంటూ పోలీసులు వస్తారేమోనని అడిగారు. వచ్చినది రిసార్టు ఉద్యోగి ఒక్కరే. మూకుడు చూసి, నవ్వి, ఇకపై పొయ్యి మీది ఫ్యాన్ ముందే వేసుకోమని చెప్పి వెళ్లారు. మర్నాటి నుంచి మూత అడ్డం పెట్టి, బాల్కనీ తలుపు తీసి తాలింపు పెట్టడం మా ఇంటి ఆచారమైంది. పైగా ఆ పప్పుచారు కొంచెం మాడు వాసన వేసినా ఒక్క చుక్క మిగలలేదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. స్టూడియోలో, అంటే విడిగా పడకగది లేని ఒంటి గదిలో, పొయ్యి ఉండదు, మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ మాత్రమే ఉంటాయి. పొయ్యి కావాలంటే దాదాపు రెట్టింపు పాయింట్లు పెట్టి వన్ బెడ్‌రూమ్ తీసుకోవాలి. కొనేటప్పుడు నేను స్టూడియో లెక్క చూసి, ఏటా వారం వెళ్లవచ్చునని మురిసిపోయాను. వంటిల్లుతో వెళ్లాలంటే ఒక ఏడాది పాయింట్లను మరుసటి ఏడాదికి బ్యాంకు చేసి, ఏడాది విడిచి ఏడాది వెళ్లవలసి వచ్చింది. పాయింట్ల సంవత్సరంలో మొదటి ఎనిమిది నెలలలోపే ఆ పని చేయాలి. ఒకసారి పెద్దవాళ్ల వీసా ఇంటర్వ్యూకు తేదీ దొరుకుతుందేమోనని చూస్తూ గడువు దాటబెట్టాను, అది పూర్తిగా నా తప్పే. హోమ్ రిసార్టుకు పదకొండు నెలల ముందు, మిగతావాటికి ఏడు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. ఇండియా నుంచి ఎవరు ఎప్పుడు వస్తారో అంత ముందుగా చెప్పగలిగే ఇల్లు మాది కాదు.

నిర్వహణ రుసుము వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి, అదీ దాదాపు ఏటా పెరుగుతూనే ఉంది. ఇప్పుడు రీసేల్‌లో కొనేవారికి 2019 జనవరి 19 నుంచి వచ్చిన నిబంధన వల్ల రివియెరా వంటి కొత్త రిసార్టులలో మా పాయింట్లలాంటివి చెల్లవు. బయటి తిండి ముట్టని పెద్దవాళ్లు, కారులో చేరగలిగే దూరం, బడిసెలవులకు కట్టుబడిన పిల్లలు, ఈ మూడూ ఉన్నవారికి ఇది నచ్చవచ్చు. వారైనా ముందు ఒక సభ్యుడి పాయింట్లను అద్దెకు తీసుకొని ఒకసారి వెళ్లి చూడడం మేలనుకుంటాను. మాకు ఆ మూడింటిలో ఒకటే మిగిలింది. అత్తగారు ఇక అంత దూరం విమానంలో కూర్చోలేరు, పెద్దమ్మాయి కాలేజీలో ఉంది. ఒప్పందం 2054 జనవరి దాకా ఉంది. వచ్చే జూన్‌కు మాత్రం స్టూడియో బుక్ చేశాను.