రెండో సిమ్ 8 నెలలు వాడాక నా రివ్యూ, కొత్తవాళ్లకి నంబర్ ఇచ్చే ముందు ఒకసారి చదవండి

పోయినేడాది కూకట్‌పల్లిలో ఇల్లు మారేటప్పుడు డైనింగ్ టేబుల్, పాప చిన్నప్పటి సైకిల్ అమ్మేద్దామని ఒక యాప్‌లో ఫోటోలు పెట్టి నా నంబర్ ఇచ్చేశాను. అందరూ ఇస్తున్నారు కదా అనుకున్నా. రెండు రోజుల్లో 30 పైన కాల్స్, సగం మంది రేటు అడిగి పెట్టేశారు, అది మామూలే. మూడో రోజు రాత్రి 11 దాటాక ఒకతను వాట్సాప్‌లో "సైకిల్ మీ పాపదేనా, పాప ఫలానా స్కూల్ కదా" అని పెట్టాడు. నాకు కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. స్కూల్ పేరు ఇతనికెలా తెలుసు అని నా డీపీ తెరిచి జూమ్ చేస్తే, పాప మెడలో ఐడీ కార్డు ట్యాగ్ మీద తెల్లక్షరాలతో స్కూల్ పేరు స్పష్టంగా చదవడానికొస్తోంది. ఆ ఫోటో ఏడాది నుంచి అలాగే ఉంది, నా నంబర్ దొరికిన ప్రతివాడికీ కనిపిస్తూ. అతన్ని బ్లాక్ చేశాను, యాప్‌లో యాడ్ తీసేశాను, కానీ వారం రోజులు పాపని స్కూల్ బస్ ఎక్కించేటప్పుడు చుట్టూ చూసుకుంటూనే ఉన్నాను.

ఆ వారంలోనే రెండో సిమ్ తీసుకున్నా. కంపెనీ ఏదన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, మీ ఏరియాలో సిగ్నల్ బాగా వచ్చేది తీసుకోండి. షాపులో ఆధార్ ఇచ్చి వేలిముద్ర వేయాలి. ఆ అబ్బాయి "పడలేదు మేడం, ఇంకోసారి వేయండి" అన్నాడు, వేశాను. ఇంటికొచ్చాక, ఆ రెండో వేలిముద్రతో నా పేరు మీద ఇంకో సిమ్ తీశాడేమోనని డౌట్ వచ్చి ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మన పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూసుకునే చోట నంబర్, ఓటీపీ కొట్టి చూశా. అదనపు సిమ్ ఏం లేదు, ఆ అబ్బాయి మంచివాడే. కానీ ఎప్పుడో ఇంటర్నెట్ డాంగిల్ కోసం తీసుకుని పారేసిన పాత నంబర్ ఒకటి ఇంకా నా పేరు మీదే బతికి ఉంది! అక్కడే "ఇది అక్కర్లేదు" అని పెట్టేశాను. ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు కాబట్టి రెండోది తీసుకోవడంలో తప్పేం లేదు, మీ పేరు మీద మీకు తెలియనివి ఉన్నాయేమో మాత్రం ఈరోజే చూసుకోండి.

ఇక వాడకం సంగతి. ఇల్లు చూపించే బ్రోకర్లు, పాత సామాన్లు కొనేవాళ్లు, కార్పెంటరు, ఏసీ రిపేరు, షాపుల్లో బిల్లు దగ్గర "నంబర్ చెప్పండి మేడం" అనేవాళ్లు, అందరికీ ఇదే నంబర్. దీని వాట్సాప్‌కి డీపీ పెట్టలేదు, పేరు దగ్గర ఒక్క అక్షరమే. ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు ఒకే వాట్సాప్‌లో రెండు అకౌంట్లు పెట్టుకోవచ్చు కాబట్టి రెండో ఫోన్ అవసరం రాలేదు. రాత్రి 9 అయితే సెట్టింగ్స్‌లో ఆ సిమ్ ఒక్కటే ఆఫ్ చేసేస్తా, అమ్మ, ఆఫీసు కాల్స్ మామూలుగానే వస్తాయి. ఈ ఒక్క సుఖం కోసమైనా తీసుకోవచ్చండీ, నిజంగా చెప్తున్నా.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. మొదటిది, నాకొచ్చింది ఇంతకుముందు వేరే ఎవరో వాడి వదిలేసిన నంబర్. మొదటి రెండు నెలలు ఆయన కోసం లోన్ రికవరీ వాళ్లు ఒకటే కాల్స్, ఆయన పేరు, అప్పు ఎంతో కూడా నాకే చెప్పేశారు. ఆయన ఎవరో నాకు తెలీదు గానీ పాపం అనిపించింది, రేపు నా నంబర్ పోయినా నా సంగతులు ఇంకొకరికి ఇలాగే వెళ్తాయి కదా. 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ ఆ నంబర్ తీసేసి తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు, ప్రీపెయిడ్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కట్ చేసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. అందుకే ఈ నంబర్‌ని బ్యాంకుకీ, ఆధార్‌కీ, మెయిల్‌కీ దేనికీ లింక్ చేయలేదు, మీరూ చేయకండి.

రెండోది, డ్యూయల్ సిమ్‌లో "ప్రతిసారీ అడగాలి" అని సెట్టింగ్ పెట్టకపోతే మీరు కాల్ చేసేటప్పుడు అసలు నంబర్ నుంచే వెళ్లిపోతుంది. ఒక బ్రోకర్‌కి నేను అలాగే చేశాను, అంతే, ఆయన ఇప్పటికీ ఆ అసలు నంబర్‌కే ఫ్లాట్ల వీడియోలు పంపుతున్నాడు. నంబర్ కనపడకుండా కాల్ చేద్దామంటే మన దగ్గర మామూలు కస్టమర్లకి ఆ సౌకర్యం ఇవ్వరు.

అన్నిటికంటే పెద్ద చిల్లు యూపీఐ. టేబుల్ కొంటానన్నతను "500 అడ్వాన్స్ వేస్తా, ఫోన్‌పే నంబర్ చెప్పండి" అన్నాడు, అలవాటుగా అసలు నంబర్ నోటిదాకా వచ్చేసింది. ఎవరైనా పేమెంట్ యాప్‌లో ఆ నంబర్ కొడితే చాలు, రూపాయి వేయకుండానే బ్యాంకులో ఉన్న మన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది. ఆ పేరు పట్టుకుని ఫేస్‌బుక్‌లో వెతికితే ఇంకేం మిగులుతుంది? నంబర్ లేకుండా వేరే అక్షరాలతో యూపీఐ ఐడీ పెట్టుకున్నా పేరైతే కనిపిస్తుంది, కానీ అసలు నంబర్ మాత్రం వాళ్ల చేతికి వెళ్లదు. నేనైతే టేబుల్ తీసుకెళ్లేటప్పుడు క్యాష్ ఇమ్మన్నాను, ఇచ్చారు. డబ్బు రావడానికి ఎవరైనా పిన్ కొట్టమంటే మాత్రం అది మోసమే, ఫోన్ పెట్టేయండి.

ఉబర్‌లో డ్రైవర్‌కి కాల్ చేస్తే మధ్యలో వేరే నంబర్ పెట్టి కలుపుతారు, మన నంబర్ వాళ్లకి కనపడదు, వాళ్లది మనకి కనపడదు. ఎంత బావుంటుందో చూడండి, ఇల్లు అద్దెకిచ్చే సైట్లు, పెళ్లి సంబంధాల సైట్లు కూడా ఇలా చేస్తే ఆడపిల్లలకి ఎంత ధైర్యం. కాకపోతే డ్రైవర్ "లొకేషన్ వాట్సాప్ చేయండి" అంటే మనమే అసలు నంబర్ నుంచి పంపేసి ఆ అడ్డు తీసేస్తున్నాం. అక్కడ యాప్‌లోని చాట్‌లోనే ల్యాండ్‌మార్క్ రాయండి, సరిపోతుంది.

నా రేటింగ్ 5కి 4. రీఛార్జ్ ఖర్చు అదనం, అది లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తారు, అందుకే ఒకటి తగ్గించా. సిమ్ కొనడం కుదరకపోతే కనీసం వాట్సాప్ ప్రైవసీలోకి వెళ్లి ప్రొఫైల్ ఫోటో దగ్గర "నా కాంటాక్ట్స్" అని మార్చండి, అర నిమిషం పని.

మా చెల్లి గుంటూరులో ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, గేటు మీద బోర్డుకి తన సొంత నంబరే రాయించింది, అర్ధరాత్రి మిస్డ్ కాల్స్ వస్తున్నాయని మొన్ననే చెప్పింది. దానికీ ఒక సిమ్ తీసుకున్నాం, ఈ ఆదివారం వెళ్లి బోర్డు మీద నంబర్ మార్పిస్తున్నా.