వాక్యం చదివి ఆగే పాడ్‌కాస్ట్: నాలుగేళ్లు విన్న తరువాత

సినిమాలను, సీరియళ్లను, పాటలను, ప్రకటనలను క్రిటికల్ థియరీతో, అంటే సంస్కృతి వెనుక ఉన్న అధికారాన్నీ వ్యాపారాన్నీ ప్రశ్నించే విమర్శనాత్మక సిద్ధాంతంతో పరిశీలించే ఒక ఆంగ్ల పాడ్‌కాస్ట్‌ను నాలుగేళ్లుగా వింటున్నాను. అమెరికాలో పాఠాలు చెప్పే ఇద్దరు అధ్యాపకులు దాన్ని నడుపుతారు. పేరు ఇక్కడ రాయడం లేదు. నా ఫిర్యాదు ప్రధానంగా ఒక్క ఎపిసోడ్ గురించినది. దాన్ని పట్టుకుని ఎవరైనా వారి శ్రమనంతా తూచడం నాకు ఇష్టం లేదు. ధ్వని నాణ్యత, ఎపిసోడ్ల క్రమం, ఏ యాప్‌లో దొరుకుతుంది వంటి సంగతులు పాడ్‌కాస్టులు వినేవారికి కొత్త కాదు కనుక వాటి జోలికి పోను. నేను ఇన్నాళ్లు దాన్ని వదలకుండా విన్నది ఒకే ఒక్క గుణం కోసం. సిద్ధాంతకర్త రాసిన వాక్యాన్ని వారు ఉన్నది ఉన్నట్టు పైకి చదువుతారు, ఆగుతారు, ఆ తరువాత అందులోని మాటలను ఒక్కొక్కటిగా విప్పుతారు.

తణుకులో మేము చదువుకున్న రోజుల్లో మా తెలుగు మాస్టారు పద్యాన్ని మొదట రాగయుక్తంగా చదివి, అన్వయం చెప్పి, ప్రతిపదార్థం చెప్పి, ఆ తరువాతే తాత్పర్యానికి వచ్చేవారు. తాత్పర్యం మాత్రం కంఠస్థం చేసి ప్రతిపదార్థం దగ్గర తడబడినవాడిని బెంచీ ఎక్కించేవారు. పద్యం ఏమి చెబుతున్నదో తెలిస్తే చాలదు, ఏ మాటతో చెబుతున్నదో తెలియాలి అన్నది ఆయన పట్టుదల. నేను తరువాత వాణిజ్యశాస్త్రం చదివి ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో చేరాను. తత్త్వశాస్త్రానికీ నాకూ ఏ సంబంధమూ లేదు. అయినా మియాపూర్ నుంచి మలక్‌పేట దాకా మెట్రోలో వెళ్తూ ఈ ఇద్దరూ ఒక జర్మన్ వాక్యానికి ఆంగ్ల అనువాదాన్ని రెండుసార్లు చదివి, అందులోని ఒక్క క్రియాపదం మీద పావుగంట మాట్లాడినప్పుడు మళ్లీ ఆ తరగతి గదిలో కూర్చున్నట్టు అనిపించింది. ఇదే విషయం మీద పాడ్‌కాస్టులు ఇంకా చాలా ఉన్నాయి. నేను విన్నవాటిలో ఎక్కువ భాగం తాత్పర్యం దగ్గరే మొదలై తాత్పర్యం దగ్గరే ముగుస్తాయి.

ఆ పద్ధతి ఎంత దూరం తీసుకుపోగలదో నాకు తెలిసింది 'సంస్కృతీ పరిశ్రమ' అనే మాట మీద, అంటే సినిమాలూ పాటలూ కర్మాగారపు సరుకులా తయారవుతాయన్న భావన మీద చేసిన ఎపిసోడ్‌తో. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సామాజిక పరిశోధనా సంస్థకు చెందిన జర్మన్ తత్త్వవేత్తలు మాక్స్ హోర్క్‌హైమర్, థియొడోర్ అడోర్నో నాజీల పాలన నుంచి తప్పించుకుని అమెరికా చేరి, అక్కడ కలిసి రాసిన గ్రంథం 1944లో సైక్లోస్టైల్ ప్రతిగానూ, 1947లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి అచ్చు పుస్తకంగానూ వెలువడింది. అందులో ఒక అధ్యాయానికి ఆ పేరు పెట్టారు. ముందు చిత్తుప్రతిలో 'మాస్ కల్చర్' అని రాసుకున్నామని, ఆ మాట ఉంచితే ఆ సంస్కృతి జనంలోంచి తనంతట తాను పుట్టిందన్న అర్థం వస్తుందని, అందుకే మార్చామని అడోర్నో 1963లో ఒక రేడియో ప్రసంగంలో వివరించాడు. ఎపిసోడ్‌లో ఈ ఒక్క మార్పు మీదే అరగంట నడిచింది. సంస్కృతి పక్కన పరిశ్రమ అన్న మాటను చేర్చడం ఆనాటి పాఠకుడికి చెంపదెబ్బ లాంటిదని వారు చెబుతుంటే, నాకు మాత్రం మన వాడుక గుర్తుకొచ్చి ఆశ్చర్యం కలిగింది. మనం 'చిత్ర పరిశ్రమ' అని గౌరవంగా అంటాం, 'పరిశ్రమ పెద్దలు' అంటాం, ఒక సినిమా ఆడితే 'పరిశ్రమ కోలుకుంది' అంటాం. వారికి నొప్పి పుట్టించిన మాట మనకు మర్యాదవాచకం. పైగా పరిశ్రమ అన్న మాటకు మన భాషలో మొదటి అర్థం శ్రమించడం. ఈ సంగతి వారికి తెలిసే అవకాశం లేదు. కానీ మాటను విప్పి చూడమని నేర్పింది వారే కనుక, నాకు తట్టినదాంట్లో వారికీ వాటా ఉంది.

రెండో ఏడు సంస్కృతినీ మాధ్యమాలనూ అధ్యయనం చేసిన బ్రిటన్ మేధావి స్టూవర్ట్ హాల్ మీద వచ్చిన ఎపిసోడ్ మా ఇంట్లోకే వచ్చింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 1964లో మొదలైన సమకాలీన సాంస్కృతిక అధ్యయన కేంద్రంలో పని చేసిన హాల్, 1973 నాటి పత్రంలో టెలివిజన్ సందేశాన్ని ప్రేక్షకుడు మూడు విధాలుగా అందుకోవచ్చునన్నాడు: పంపినవాడు కోరినట్టే తీసుకోవడం, కొంత ఒప్పుకుని కొంత సవరించుకోవడం, పూర్తిగా ఎదురు తిరిగి చదవడం. ఆ సాయంత్రం మా అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ సీరియల్ చూస్తోంది. కోడలు అవమానాన్ని దిగమింగితే 'ఆడపిల్లకు అంత ఓర్పు ఉండాలి' అంది. కాసేపటికి 'ఓర్పు ఉండాలి గానీ మొదటిరోజే నోరు విప్పి ఉంటే కథ ఇంతదాకా వచ్చేది కాదు' అంది. విరామంలో నగల దుకాణం ప్రకటన రాగానే, చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పడేసి, 'ఈ ఏడుపంతా ఆ నగలు అమ్ముకోవడానికే కదా' అంది. అరగంటలో ఒకే మనిషి మూడు స్థానాల్లోనూ కూర్చుని లేచింది. హాల్ వాటిని ఊహాత్మక స్థానాలుగానే ప్రతిపాదించాడని, మనుషుల మీద అంటించే చీటీలుగా కాదని ఆ ఎపిసోడ్‌లో నొక్కి చెప్పారు. అది వినకపోయి ఉంటే అమ్మను నేను ఏదో ఒక గదిలో పెట్టి తాళం వేసేవాడినే.

ఇక బెడిసికొట్టిన ఎపిసోడ్ గురించి. అది అభిమానుల మీద చేసినది. మూడో ఏడాది చివర్లో వచ్చింది. దానికి ఆధారం అడోర్నో 1941లో జనప్రియ సంగీతం గురించి రాసిన వ్యాసం. ఆ రోజుల్లో అమెరికాలో స్వింగ్ అనే జాజ్ సంగీతానికి ఊగిపోయి నృత్యం చేసే యువతను 'జిట్టర్‌బగ్స్' అనేవారు, వారు కూడా ఆ పేరును సంతోషంగా తగిలించుకునేవారు. ఆ పేరులోనే 'బగ్', అంటే పురుగు ఉన్నదని, ఏదో ఒక ప్రేరణకు అసంకల్పితంగా కదిలే పురుగులతో తమను తాము పోల్చుకోవడానికి వారు ఒప్పుకున్నారని అడోర్నో అంటాడు. వ్యాఖ్యాతలు ఈ భాగాన్ని క్లుప్తంగా చెప్పి, ఈనాటి అభిమానులకు, సామాజిక మాధ్యమాల్లో వారు పడే పోట్లాటలకు దాన్ని అన్వయించి, నలభై నిమిషాల్లో ముగించారు. వాక్యం చదవడం లేదు, ఆగడం లేదు. అమీర్‌పేటలో జనం ఎక్కుతుండగా నేను ఎపిసోడ్ ఆపేశాను.

నాకు అంతగా గుచ్చుకోవడానికి కారణం ఉంది. తొంభైలలో తణుకులో ఒక నటుడి అభిమాన సంఘంలో నేను ఆరేళ్లు ఉన్నాను. విడుదలకు ముందు రాత్రి ఇటుకల పొయ్యి మీద అల్యూమినియం గిన్నెలో మైదాపిండి జిగురు ఉడికేది. ఒకరు కలియబెడుతుంటే ఇద్దరు రంగుకాగితాల తోరణాలు దారానికి అంటించేవారు. సైకిళ్లు బాగుచేసే మా మిత్రుడు కటౌట్ ఏ గాలికీ ఒరగకుండా తాళ్లు ఎంత పొడవు ఉండాలో, ఎక్కడ ముడి వేయాలో కంటితో చూసి చెప్పేవాడు. చందాల పద్దు నేను రాసేవాడిని: ఎవరు ఐదు రూపాయలు ఇచ్చారు, ఎవరు రెండు బాకీ పడ్డారు, పూలదండకు ఎంత, కొబ్బరికాయలకు ఎంత. తెల్లవారుజామున ఆట చూసి వచ్చి, రెండో సగం నచ్చకపోతే మేమే ఆ నటుడికి ఉత్తరం రాసేవాళ్లం, 'మీరు ఇలాంటి పాత్రలు ఒప్పుకోవద్దు' అని గట్టిగానే. ఇందులో మూఢత్వం లేదని నేను అనను. ఎదుటి నటుడి పోస్టర్ల మీద పేడ కొట్టించిన రాత్రులు కూడా ఆ పద్దుల పుస్తకంలో ఉన్నాయి. కానీ పురుగులు ఉత్తరాలు రాయవు, పద్దులు రాయవు.

కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మిత్రుడిని అడిగి ఆ వ్యాసం జిరాక్సు తెప్పించుకున్నాను. సుమారు ముప్పై పేజీలు. నాకు వచ్చిన ఆంగ్లంతో మూడు వారాలు పట్టింది, కొన్ని పేరాలు ఇప్పటికీ పట్టుబడలేదు. చివరి పేజీకి వచ్చేసరికి ఒళ్లు జలదరించింది. జనప్రియ సంగీతాన్ని ఇష్టపడటానికి ఊరికే లొంగిపోయి వరుసలో నిలబడితే చాలదని, దానికి మనిషి తన సంకల్పాన్ని కూడగట్టుకోవాలని అడోర్నో అక్కడ అంటాడు. ఆ వ్యాసంలోని ఆఖరి వాక్యం భావం ఇది: మనిషి పురుగుగా మారడానికి ఎంత శక్తి ఖర్చు చేయవలసి వస్తున్నదో, బహుశా ఆ శక్తే అతన్ని మనిషిగా మార్చగలిగి ఉండేది. అభిమానిని అంత కఠినంగా నిందించిన వ్యాసం ముగిసేది అభిమాని శక్తిని గుర్తించడంతో. ఈ వాక్యాన్ని వదిలి మిగతాది చెప్పడం అంటే, పద్యంలో మూడు పాదాలు చదివి నాలుగోది మింగేయడమే. మైదా జిగురు ఉడికించిన ఆ రాత్రులకు నాకు ఇంతకన్నా న్యాయంగా మాట్లాడిన వాక్యం మరొకటి కనబడలేదు. ఇన్నేళ్లు ఏ వాక్యాన్నీ వదలకుండా చదివిన మనుషులే దీన్ని వదిలేశారన్నది నా బాధ.

వారికి ఉత్తరం రాశాను. పది రోజులకు మర్యాదగా సమాధానం వచ్చింది. ఆ వాక్యాన్ని తాము చదివామని, చర్చించామని, కానీ ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టాక ఎపిసోడ్‌ను ఎనభై నిమిషాల నుంచి నలభై ఐదుకు కుదించవలసి వచ్చిందని, ఎడిటింగులో ముందుగా పోయేది పఠనభాగమేనని అందులో ఉంది. పూర్తి రికార్డింగు నెలనెలా చందా కట్టేవారికి లభిస్తుందట. కట్టాను, విన్నాను. ఆ ఆఖరి వాక్యం మీద పదకొండు నిమిషాలు మాట్లాడారు. 'బహుశా' అన్న మాట దగ్గర ఆగి, అడోర్నో ఆశను ఎంత కొలిచి కొలిచి వడ్డించాడో చెప్పిన తీరు ఈ నాలుగేళ్లలో నేను విన్నవాటిలోకెల్లా ఉత్తమమైనది. అందువల్ల సంతోషమూ కలిగింది, కోపం మరింత పెరిగింది కూడా. ఈ కార్యక్రమానికి ప్రాణమైనది ఏదో, ఉచితంగా వినేవారికి దాన్నే కోసేస్తున్నారు. కార్యక్రమం నడవాలంటే డబ్బు కావాలన్నది నేను కాదనను. కోయవలసి వస్తే వ్యాఖ్యాతల సెలవుల ముచ్చట్లో, మొదటి పది నిమిషాల పలకరింపులో కోయవచ్చు కదా.

పైన చేసిన పొగడ్తలకు కొన్ని సవరణలు చెప్పకపోతే సరికాదు. ప్రతిపదార్థం అన్నాను, అది సిద్ధాంత వాక్యానికే. సినిమా దగ్గరికి వచ్చేసరికి వారు అంత ఓపిక చూపరు. ఒక దృశ్యంలో కెమెరా ఎక్కడ ఉంది, పాట ఎక్కడ ఆగింది అన్నవి చెప్పకుండానే సినిమా మొత్తానికి తీర్పు ఇస్తారు. ఆ తీర్పు కూడా తరచు ఒకటే: తిరుగుబాటు చూపించినట్టే చూపించి చివరికి వ్యవస్థతో రాజీ కుదిర్చిందని. మొదటి ఏడాది ఆ మాట వింటే కొత్త కళ్లు వచ్చినట్టుండేది, ఇప్పుడు సినిమా పేరు వినగానే ముగింపు నేనే చెప్పగలుగుతున్నాను. ఉదాహరణలన్నీ అమెరికావే కావడాన్ని నేను తప్పుపట్టను, వారు బతుకుతున్న చోటు అది. కానీ అభిమానుల గురించి సాధారణ సూత్రాలు చెప్పేటప్పుడు మాత్రం లోటు కనిపిస్తుంది. తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ తొంభైలలోనే పరిశోధన చేసి, అభిమానుల ప్రవర్తనలో భక్తీ ధిక్కారమూ కలిసి ఉంటాయని చూపారు. మేము రాసిన ఆ ఉత్తరాల్లో ఉన్నది సరిగ్గా అదే. ఆ ఎపిసోడ్‌కు దీని అవసరం ఎంతైనా ఉండేది.

ఎవరైనా నన్ను వినమంటావా అని అడిగితే నా జవాబు వారి పరిస్థితిని బట్టి ఉంటుంది. రోజూ గంటన్నర ప్రయాణం ఉండి, ఆంగ్లంలో వేగంగా సాగే సంభాషణను అనుసరించగలిగి, ఈ పుస్తకాలు చదవడానికి ఒక తోడు కావాలనుకునేవారు మొదటి రెండేళ్ల ఎపిసోడ్లు తప్పక వినవచ్చు, అవి ఇప్పటికీ పూర్తి నిడివితో ఉచితంగానే ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో ఇదే చదువుకున్నవారికి అవి నిదానంగా తోచవచ్చు. కొత్తవాటికి చందా కట్టడం లాభమా అంటే నేను ఖచ్చితంగా చెప్పలేను. నేను మూడు నెలలు కట్టి, పిల్లల ఫీజుల నెల రాగానే మానేశాను, వచ్చే ఏడు మళ్లీ కడతానేమో. ప్రస్తుతానికి క్రమం మార్చుకున్నాను: ఎపిసోడ్ దేని గురించో ముందు చూసి, ఆ వ్యాసం దొరికితే చివరి పేజీ దాకా చదివి, ఆ తరువాతే వింటున్నాను. ఈ నెల జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ వంతు. 1927 నుంచి 1933 దాకా అతను బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ రేడియోలలో చేసిన ప్రసంగాల్లో పిల్లల కోసం చేసినవి కొన్ని అనువాదంలో దొరికాయి. వాటిని రాత్రిపూట అమ్మకు తెలుగులో చెబుతున్నాను, సీరియల్ అయిపోయిన తరువాత.