పెనెలోపియాడ్‌తో మొదలుపెట్టాలా, సర్సీతోనా?

హోమర్ పేరిట ఉన్న ప్రాచీన గ్రీకు ఇతిహాసం ఒడిస్సీని ఆడవాళ్ల వైపు నుంచి చదవాలంటే ముందుగా చేతికొచ్చే నవలలు రెండు: మార్గరెట్ ఆట్‌వుడ్ ‘పెనెలోపియాడ్’ (2005), మాడలిన్ మిల్లర్ ‘సర్సీ’ (2018). మొదటిది కథానాయకుడైన రాజు ఒడిస్సియస్ భార్య పెనెలోపీ కథ, రెండోది అతనికి దారిలో ఎదురయ్యే మంత్రగత్తె సర్సీ కథ.

సమయం: మొదటిది రెండు సాయంత్రాల పని. రెండోది దాదాపు రెట్టింపు లావు.

ముందు పరిచయం: సర్సీకి అక్కర్లేదు. పెనెలోపియాడ్‌లోని వెటకారం అందాలంటే మూలకథ తెలియాలి.

ఇబ్బంది: సర్సీలో అత్యాచార ఘట్టం ఉంది. పెనెలోపియాడ్‌లో, ఒడిస్సియస్ తిరిగొచ్చాక ఉరికి వేలాడిన 12 మంది దాసీలు మధ్యమధ్య బృందగానంతో వచ్చి రాజునూ రాణినీ నిలదీస్తారు. రాణి కన్నీళ్లతో సరిపెట్టకుండా ఆట్‌వుడ్ దాసీల లెక్క కూడా అడగడమే నాకు నచ్చింది. సర్సీలో ఆ పదును తక్కువ. ఒంటరి దీవిలో మూలికలు నూరుతూ మంత్రవిద్య నేర్చుకునే ఓపిక ఎక్కువ.

హోమర్‌ను చదవనివారు, కథలో మునగాలనుకునేవారు సర్సీ తీసుకోండి. రామాయణ స్త్రీల కథలను కొత్తగా చెప్పిన వోల్గా ‘విముక్త’ చదివి ఇంకాస్త కారం కావాలనుకుంటే పెనెలోపియాడ్.