తీగ సైకిల్ మీటరు: చుట్టుకొలత సరిగ్గా పెడితే కొనదగినదే

ఐదు వందల రూపాయల లోపు దొరికే, సెన్సర్‌కు తీగతో కలిసి ఉండే సైకిల్ మీటర్ల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, స్పీడు తప్పు చూపిస్తున్నాయని. చాలాసార్లు లోపం మీటర్‌లో ఉండదు, బిగింపులో ఉంటుంది. చక్రం పుల్లకు కట్టిన అయస్కాంతం ఫోర్క్ మీది సెన్సర్ ముందు నుంచి పోయినప్పుడల్లా మీటరు ఒక చుట్టు లెక్కపెడుతుంది. దాన్ని మనమిచ్చిన టైరు చుట్టుకొలతతో గుణించి వేగం చూపిస్తుంది. ఆ కొలత తప్పయితే స్పీడు, దూరం, సగటు అన్నీ తప్పే.

చాలా మీటర్లు 2060 మిల్లీమీటర్లు పెట్టి వస్తాయి. 26×1.95 టైరుకు అది దాదాపు సరిపోతుంది, దాని కొలత 2050 దగ్గర. 29×2.1 టైరుది 2288 దాకా ఉంటుంది కాబట్టి 2060 అలాగే వదిలేస్తే 100 కిలోమీటర్లు తొక్కినా 90 మాత్రమే చూపిస్తుంది.

టైరు సైజుల పట్టిక చూడటం కన్నా నేల మీద కొలుచుకోవడమే మేలు. ఎప్పుడూ ఉంచేంత గాలి నింపి, వాల్వు సరిగ్గా కిందికి వచ్చినచోట సుద్దతో గీత గీయాలి. తొక్కే మనిషి సీటు మీద కూర్చున్నాకే సైకిల్‌ని తిన్నగా నడిపించి, మూడు చుట్లు పూర్తయినచోట మరో గీత గీసి, మధ్య దూరాన్ని మూడుతో భాగించాలి. బరువు లేకుండా కొలిస్తే టైరు అణగదు, అంకె పెరుగుతుంది, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ వేగం చూపిస్తుంది. తర్వాత హనుమకొండ నుంచి ములుగు పోయే 163 నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోవచ్చు. ఒక్క రాయిని నమ్మకుండా వరసగా ఐదు రాళ్లు చూడాలి, రోడ్డు పనుల్లో కొన్ని చోటు మారి ఉండొచ్చు.

అయస్కాంతానికి, సెన్సర్ గీతకు మధ్య మూడు మిల్లీమీటర్ల సందు చాలు. ఐదు దాటితే కొన్ని చుట్లు లెక్కలోకి రావు, స్పీడు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. పుల్లలు వదులైనా అంతే. తీగను బ్రేక్ కేబుల్‌కు చుట్టి తీసుకెళ్లండి. కానీ హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా, షాకర్లున్న ఫోర్క్ దిగినా లాగనంత వదులు ఉంచాలి. ఈ రకంలో ముందుగా తెగేది ఆ తీగే. వానలో తడిస్తే మీటరు తీసి, వెనకున్న రెండు లోహపు చుక్కలను పొడిబట్టతో తుడిస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది.

సగటు వేగం దగ్గర చాలామంది తికమక పడతారు. చక్రం ఆగితే మీటరు గడియారం కూడా ఆగుతుంది. 50 కిలోమీటర్లు రెండున్నర గంటల్లో తొక్కి మధ్యలో అరగంట చాయ్‌కి ఆగితే అది 20 చూపిస్తుంది. ఆగిన టైము కలిపితే 16.7 వస్తుంది. శిక్షణకు మొదటిది, ఇంటికి ఎప్పుడు చేరతామో చూసుకోవడానికి రెండోది పనికొస్తాయి. మరీ నెమ్మదిగా తోసుకుంటూ నడిచేటప్పుడు సున్నా చూపించడం లోపం కాదు, తర్వాతి చుట్టు కోసం ఎదురుచూస్తోంది.

ఇదే ధరలో తీగ లేనివీ దొరుకుతాయి. ఎల్ఈడీ లైటు పక్కనుంటే వాటిలో కొన్ని పిచ్చి అంకెలు చూపిస్తాయి, అందుకే తీగదే నయం. సెల్లు మామూలు సీఆర్ 2032. మార్చేముందు చుట్టుకొలత, మొత్తం కిలోమీటర్లు రాసిపెట్టుకోండి, చాలా మోడళ్లలో సెల్లు తీయగానే అవి చెరిగిపోతాయి.