‘క్షణికావేశం’ అని మళ్ళీ రాయడం కష్టంగా ఉంది: తిరుపతిలో ఆరు ఆదివారాల క్రైమ్ సైకాలజీ క్లాసు గురించి

పదమూడేళ్ళుగా చిత్తూరులో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఇన్నేళ్ళలో బెయిల్ పిటిషన్లలో నేను ఎక్కువసార్లు రాసిన మాట ‘క్షణికావేశం’. పేపర్లోనూ అదే, స్టేషన్లోనూ అదే, ముద్దాయి వాళ్ళమ్మ నా ఆఫీసు బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ చెప్పేదీ అదే, "ఏదో ఆ నిమిషానికి అట్లా జరిగిపోయింది మేడం, మావోడు అట్లాంటోడు కాదు" అని. తిరుపతి బాలాజీ కాలనీలో ఆరు ఆదివారాలు ఈ క్లాసు విన్నాక ఆ మాట రాయబోతే పెన్ను ఆగుతోంది. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు వివరాలు. ఫీజు 4,500. ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా, మధ్యలో టీ. మెడికల్ షాపు పైన మేడ మీద హాలు. ఇరవై అయిదు మంది దాకా ఉన్నాం. ఎస్ఐ పరీక్షకు చదివే పిల్లలు, యూనివర్సిటీలో సైకాలజీ చేస్తున్న అమ్మాయిలు, సచివాలయంలో పనిచేసే మహిళా పోలీసులు ఇద్దరు, ఒక హెడ్మాస్టరు గారు, నేను. పాఠం చెప్పిన మేడం చాలా ఏళ్ళు జైల్లో ఖైదీలకు కౌన్సెలింగ్ చేసి రిటైరయ్యారు. ఆవిడ మీద నాకు గౌరవం తప్ప ఇంకేం లేదు. సంస్థ మీద మాత్రం ఫిర్యాదులున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఇట్లాంటి క్లాసులు ఇప్పుడు చాలా చోట్ల పెడుతున్నారు, ఎక్కడ చేరినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

మొదటి ఆదివారం చరిత్ర. నేరస్తుడు పుట్టుకతోనే నేరస్తుడు, దవడ, చెవులు, నుదురు చూసి పట్టేయొచ్చు అని 1876లో ఇటలీలో లొంబ్రోసో అనే డాక్టరు పుస్తకం రాశాడట. తర్వాత 1913లో ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టరు దాదాపు మూడు వేల మంది ఖైదీలను కొలిచి, మామూలు జనంతో పోల్చి చూసి, అట్లాంటి ‘నేరస్తుడి ముఖం’ ఏదీ లేదని తేల్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి, అయిదో ఆదివారం దగ్గర మళ్ళీ కావాలి.

రెండో ఆదివారం కోసమైతే ఫీజు రెండింతలైనా ఇస్తాను. మేడం బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా ఒక గీత గీశారు. కుడి చివర వేలెడంత ముక్కను ఎర్ర సుద్దతో దిద్ది, "కొడవలి ఎత్తి దించింది ఇంతసేపు. మీ ఎఫ్ఐఆర్ అంతా ఈ ఎర్ర ముక్క గురించే ఉంటుంది. మిగతా గీత సంగతి మాట్లాడదామా నాయనా" అన్నారు. ఊరు, పేర్లు అన్నీ మార్చి ఒక కేసు చెప్పారు. ఇద్దరు దాయాదులు, పక్కపక్కనే మామిడి తోటలు, మధ్యలో గట్టు, ఒక బోరు. మనకు తెలియని కథేం కాదు, మా కోర్టులో వారానికొకటి వస్తుంది. ఆవిడ మాత్రం కుడి నుంచి ఎడమకు వెనక్కి నడిచారు. దెబ్బ పడక అరగంట ముందు టీ బంకు దగ్గర నలుగురు నవ్వారు, తనను చూసే నవ్వారనుకున్నాడు. ఆ పొద్దున్నే తాగాడు. ముందు రోజు రాత్రి భార్యతో "రేపటికి తేలిపోతుంది" అన్నాడు. మూడు రోజుల ముందు కొలిమి దగ్గరికి పోయి కొడవలి సాన పట్టించుకొచ్చాడు, అది కోతల కాలం కాదు. ఏడాది ముందు పంచాయతీలో ఊరందరి ముందూ పెద్దమనిషి చేత తిట్లు తిన్నాడు. గీత ఎడమ చివర, చిన్నప్పుడు వాళ్ళ నాన్న పశువుల కొట్టంలో కట్టేసి కొట్టేవాడు.

ఒక్కో చోట సుద్దతో చుక్క పెట్టి, "ఇది ఎవరు చూశారు?" అని మమ్మల్ని అడిగారు. చుక్క కింద మేమే చెప్పాం. భార్య చూసింది. టీ బంకు ఆయన చూశాడు. కొలిమి ఆయన చూశాడు. పెద్దమనిషి చూశాడు. గీత కింద మనుషుల పేర్లు నిండిపోయాయి. ఎర్ర ముక్క కింద మాత్రం చనిపోయినతను ఒక్కడే. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ బోర్డు ఫోటో తీసుకున్నాను.

ఈ గీతను చట్టం కూడా ఎప్పటి నుంచో చూస్తూనే ఉంది, మనమే పట్టించుకోలేదు. నానావతి కేసు లా చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ ఆఫీసర్ తన భార్యకు వేరొకతనితో సంబంధం ఉందని ఆమె నోటి నుంచే విన్నాడు, పిల్లల్ని సినిమాకి దింపాడు, ఓడకు వెళ్ళి రివాల్వర్ తీసుకున్నాడు, తర్వాత వెళ్ళి అతణ్ణి కాల్చాడు. మధ్యలో దాదాపు మూడు గంటలు. మనసు కుదుటపడటానికి తగినంత సమయం గడిచింది కాబట్టి ‘తీవ్రమైన, ఆకస్మికమైన ప్రేరేపణ’ అనే మినహాయింపు వర్తించదని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఆ మినహాయింపు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్ కింద ఉంది. కాలేజీలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఈ కేసు నాకు ఆ బోర్డు ముందు కూర్చున్నాకే అర్థమైంది.

హింసలో రెండు రకాలు చెప్పారు. ఒకటి వేడి మీద చేసేది, ఇంకొకటి లాభం లెక్కేసుకుని నింపాదిగా చేసేది. చాలా కేసుల్లో రెండూ కలిసే ఉంటాయి. వేడి మీద చేసేవాళ్ళలో ఒక అలవాటు తరచుగా కనిపిస్తుందట, ఎదుటివాడు ఏం చేసినా తన మీద పగతోనే చేశాడని అనిపించడం. కెన్నెత్ డాడ్జ్ అనే సైకాలజిస్టు దీన్ని చిన్నపిల్లల్లోనే చూపించాడు. బంతి పొరపాటున తగిలినా "కావాలనే కొట్టాడు" అనుకునే పిల్లాడు ఎక్కువ కొట్లాడతాడు. ఇంట్లో దెబ్బలు తింటూ పెరిగిన పిల్లల్లో ఈ అలవాటు ఎక్కువ. టీ బంకు దగ్గర నవ్విన నలుగురూ నిజానికి ఫోన్లో ఏదో చూసి నవ్వారని తర్వాత తెలిసిందట. ఆ మాట విన్నప్పుడు కడుపులో దేవినట్టయింది.

మూడో ఆదివారం లెక్కలు ఎక్కువ, కాస్త వేగంగా పోయింది, కానీ పనికొచ్చేవి ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టిన 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులు తిరగేస్తే, వాళ్ళలో 6 శాతం మందే మొత్తం నేరాల్లో సగానికి పైగా చేశారట. టెరీ మాఫిట్ అనే సైకాలజిస్టు 1993లో చెప్పిన విషయం ఇంకా బాగుంది. పదిహేను, పదహారేళ్ళప్పుడు జతగాళ్ళతో కలిసి తప్పుచేసే పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక మానేస్తారు, చిన్నతనం నుంచే మొదలై జీవితాంతం సాగేవాళ్ళు కొద్దిమందే. హెడ్మాస్టరు గారు వెంటనే లేచి, "మరి మేం బడిలో ఇద్దర్నీ ఒకే గాటన కట్టి టీసీ ఇచ్చి పంపేస్తున్నాం కదమ్మా" అన్నారు. మేడం అవునన్నట్టు తలూపారు.

అదే రోజు ‘సైకో’ అనే మాట మీద కూడా చెప్పారు. మనం ప్రతి హంతకుణ్ణీ సైకో అనేస్తాం. రాబర్ట్ హేర్ అనే కెనడా సైకాలజిస్టు తయారుచేసిన జాబితాలో 20 అంశాలుంటాయి, మొత్తం 40 మార్కులు, అమెరికాలో మామూలుగా 30 గానీ అంతకు పైన గానీ వస్తేనే ఆ మాట వాడతారు. అదీ ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళు ఇంటర్వ్యూ చేసి, ఫైళ్ళన్నీ చదివి వేసే మార్కులు. జైల్లో ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి అన్ని మార్కులు రావు. ఇక మతి స్థిమితం లేనివాళ్ళంతా ప్రమాదకరం అనుకోవడం అన్యాయం, వాళ్ళలో చాలామంది ఎవరి జోలికీ పోరు, పైపెచ్చు వాళ్ళే ఎక్కువగా దెబ్బలు తింటారు. మాకు రోడ్డు మీదా, బస్టాండులోనూ రోజూ కనిపించేదే ఇది.

నాలుగో ఆదివారం ఇంట్లో హింస. ఇది నా పనినే మార్చేసింది. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1980ల్లో తయారుచేసిన ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, మొగుడి చేతిలో దెబ్బలు తినే మనిషికి ప్రాణాపాయం ఎంత ఉందో అంచనా వేయడానికి. అందులో ఒక ప్రశ్న, గొంతు నులిమాడా అని. ఒక్కసారైనా గొంతు పట్టుకున్న మగవాడి చేతిలో ఆ మనిషి తర్వాత చనిపోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఎక్కువని అమెరికాలో తేలింది. చాలాసార్లు మెడ మీద గుర్తులే ఉండవు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్ళలో ఎర్రటి చుక్కలు, ఇవి చూడాలి, గుర్తు లేదని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఇంకొకటి, వదిలి వచ్చేయాలని నిర్ణయించుకున్న రోజుల్లో ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. "నోటీసు పంపేద్దాంలే అమ్మా" అని నేను ఎంతమందికి ఎంత తేలిగ్గా చెప్పానో, ఆ రాత్రి తిరుగు బస్సులో పూతలపట్టు దాటేదాకా ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

ఆ వారంలోనే ఒకావిడ భరణం కేసు కోసం వచ్చింది. కొట్టాడు, తిట్టాడు అంటూ చెబుతోంది, నేను రాసుకుంటున్నాను, మామూలుగా అయితే అక్కడే ఆపేసేదాన్ని. ఈసారి, "గొంతేమైనా పట్టుకున్నాడా అమ్మా?" అని అడిగాను. ఆమె కొంగు మెడ చుట్టూ సర్దుకుని, "అదెప్పుడూ ఉండేదే కదక్కా, అది కూడా రాయాల్నా?" అంది. గొంతు జీరగా ఉంది, ఏడ్చి ఏడ్చి అట్లయిందనుకున్నాను. మంచినీళ్ళిస్తే ఒక్క గుక్క మింగడానికి కళ్ళు గట్టిగా మూసుకుంది. పిటిషన్ పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అంతకుమించి ఆమె గురించి రాయడం బాగుండదు. పదమూడేళ్ళలో ఈ ప్రశ్న నేను ఎవర్నీ అడగలేదు, ‘చేతులతో కొట్టి’ అని రాసేసి పంపించాను.

ఇప్పుడు ఫిర్యాదులు. అయిదో ఆదివారం మేడం రాలేదు, గెస్టు లెక్చర్ అన్నారు. వచ్చినాయన కళ్ళు, కనుబొమలు, సంతకం చూసి నేర స్వభావం పట్టేయొచ్చని మూడు గంటలు చెప్పాడు. మొదటి ఆదివారం ఏ సిద్ధాంతం ఎప్పుడో చచ్చిపోయిందని చెప్పారో అదే మళ్ళీ! ఎస్ఐ పరీక్షకు చదివే పిల్లలు శ్రద్ధగా నోట్సు రాసుకుంటుంటే నాకు భయమేసింది, రేపు వాళ్ళు స్టేషన్లో కూర్చుని ఎవడి ముఖం చూసి ఎవడ్ని లోపలేస్తారో అని. లేచి గోరింగ్ సంగతి అడిగితే "అదంతా పాతది మేడం" అన్నారు. ఆ రోజు ఫీజు వెనక్కిమ్మని రాతపూర్వకంగా అడిగాను, ఇంకా జవాబు లేదు.

రెండోది, స్లైడుల్లో ముందుగా చెప్పకుండా శవాల ఫోటోలు వేశారు. మాకు ఫైళ్ళలో అలవాటే. యూనివర్సిటీ అమ్మాయి ఒకతి వణుకుతూ బయటికి వెళ్ళిపోయింది, వాళ్ళింట్లోనే అట్లాంటిది జరిగిందట. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే సరిపోయేది. నిర్వాహకులకు చెబితే "క్రైమ్ అంటే అంతే కదా మేడం" అన్నారు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది. సర్టిఫికెట్‌కి విడిగా 1,500 అంటారు, చేరేటప్పుడు ఈ మాట చెప్పరు. దాంతో ఎవరూ ప్రొఫైలర్ (నేరస్తుడి మనస్తత్వం అంచనా వేసే నిపుణుడు) ఉద్యోగం ఇవ్వరు కాబట్టి పిల్లలు ఆ డబ్బు పెట్టకండి.

ఆఖరి ఆదివారం మేడం తిరిగొచ్చారు, మార్చడం ఎట్లా అనే దాని మీద. పిల్లల్ని జైలుకు తీసుకెళ్ళి ఖైదీల చేత భయపెట్టే కార్యక్రమాలు అమెరికాలో చాలాకాలం నడిచాయి. అట్లా వెళ్ళొచ్చిన పిల్లలు వెళ్ళనివాళ్ళ కంటే ఎక్కువ నేరాలు చేశారని పరీక్షల్లో తేలింది. మన దగ్గర అమ్మానాన్నలు "కొంచెం భయం చెప్పండి సార్" అని పిల్లాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తారు, నేనూ ఇద్దరు ముగ్గురికి ఆ సలహా ఇచ్చాను. ఇంకెప్పుడూ ఇవ్వను. కోపం వచ్చే ముందు ఒంట్లో జరిగేవి గుర్తుపట్టడం, ఆ చోటు నుంచి పక్కకు వెళ్ళడం, తాగుడు మాన్పించడం, ఇట్లాంటి చప్పటి పనులే ఎక్కువ పనికొస్తాయట. ఇంట్లో ఎవరికైనా అట్లాంటి టెన్షన్ ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

తోటి అడ్వకేట్లకు ఒక మాట. ఆ గీత మన ముద్దాయికి వ్యతిరేకంగా పోతుంది కదా, మరి మనకెందుకు అని మొదట నాకూ అనిపించింది. కానీ ఎడమ వైపు ఉన్న చుక్కలన్నీ శిక్ష తగ్గించమని అడగడానికి పనికొచ్చేవే. ఉరిశిక్షకు అవకాశం ఉన్న కేసుల్లో ముద్దాయి మానసిక పరిస్థితిపై రిపోర్టు, అతని బాల్యం, కుటుంబ నేపథ్యం ముందుగానే కోర్టు ముందుకు రావాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న కేసుల్లో మనం ఆ పని ఎందుకు చేయకూడదు? ‘క్షణికావేశం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పశువుల కొట్టంలో కట్టేసిన పిల్లాడు ఎక్కడా కనపడడు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర తగ్గించింది అయిదో ఆదివారానికీ, ఆ ఫోటోలకీ. చేరేవాళ్ళు ఆరు క్లాసులూ మేడమే చెబుతారా అని ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. ముందు వరుసలో కూర్చోండి, వెనక ఫ్యాను చప్పుడుకి ఆవిడ మాట వినపడదు, ఆవిడ గొంతు పెంచరు. చిత్తూరు నుంచి వెళ్ళేవాళ్ళు ఏడు గంటలకల్లా బస్సెక్కండి, ఆదివారం కొండకు పోయే జనంతో సీటు దొరకడం కష్టం.