ఎండెన్ యుద్ధనౌక కిట్: నాలుగో పొగగొట్టం మాత్రం మనమే చేసుకోవాలి

మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. ముక్కలు అతికించి ఓడ బొమ్మ చేసుకునే ఇలాంటి కిట్లు అమ్మే దుకాణం మా ఊళ్ళో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1:350 స్కేలు, అంటే 118 మీటర్ల ఓడ మన బల్ల మీద 34 సెంటీమీటర్లు అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు మీద గుండ్లు వేసిన జర్మన్ ఓడ అని మా తాతయ్య చెప్పగా విన్నప్పటి నుంచి నాకు దీని మీద మోజు. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోదే కదా, అందుకే ఆ సంగతి మా ఇంట్లో పరాయి ఊరి కబురులా చెప్పుకోలేదు.

ముందు మంచి చెప్తాను. ఫిరంగుల అమరిక చాలా సరిగ్గా ఇచ్చారు. మొత్తం పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు, ముందు రెండు పక్కపక్కన, వెనక రెండు, మధ్యలో ఒక్కో పక్క మూడు. అతికిస్తుంటేనే అర్థమవుతుంది, ఒక పక్కకి ఒకేసారి ఐదు మాత్రమే పేలతాయని. 1914 నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆరంగుళాల ఫిరంగులున్న ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ ఎదురైనప్పుడు ఇది ఎందుకు ఓడిపోయి ధ్వంసమైందో, ఎన్ని చోట్ల చదివినా రాని అవగాహన నాకు ఆ సాయంత్రం వచ్చింది.

ఇక లోపాలు. ఓడ అడుగు రెండు ముక్కల్లో ఒకటి వంగి వచ్చింది, వేడి నీళ్ళలో ముంచి నిదానంగా సరిచేసుకున్నాను. జెండాల స్టిక్కర్లు తడపగానే చిట్లిపోయాయి. రంగుల కాగితంలో తెల్ల ఓడనే చూపించారు. శాంతికాలంలో చైనాలోని చింగ్‌టావ్ రేవులో ఉన్నప్పుడు తెలుపు నిజమే, "తూర్పు హంస" అని పేరు కూడా తెచ్చుకుంది, కానీ యుద్ధానికి దిగేసరికి బూడిద రంగు వేశారు. మీకు కావలసింది మద్రాసు నాటి ఓడైతే బూడిద రంగు విడిగా కొనుక్కోండి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది నాలుగో పొగగొట్టం లేకపోవడం. 1908లో అప్పటి జర్మనీలోని డాన్‌జిగ్‌లో నీళ్ళలోకి దిగిన ఈ ఓడకి ఉన్నవి మూడే, కిట్ వాళ్ళు ఇచ్చిందీ అవే, తప్పు పట్టలేం. కానీ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ గుడ్డతో, చెక్కతో ఒక దొంగ పొగగొట్టం కట్టించి, బ్రిటిష్ ఓడ యార్మౌత్‌లా కనిపించేటట్టు చేసుకుని బంగాళాఖాతంలో తిరిగాడు! సెప్టెంబర్‌లో ఇండస్, లోవాట్ లాంటి సరుకు ఓడల్ని ఒక్కొక్కటే పట్టి ముంచి, 22 రాత్రి మద్రాసు రేవులో చమురు ట్యాంకులు తగలబెట్టి, జనం రైళ్ళెక్కి పారిపోయేలా చేశాడు. ఇంత కథ ఉన్న ఆ ముక్క పెట్టెలో లేకపోతే ఎలా? నేను అట్టముక్క చుట్టి, పాత ధోవతి గుడ్డ అంటించి చేశాను. కొంచెం వంకరగా వచ్చింది, అసలుది కూడా అలాగే ఉండేదేమో అనిపించి అలాగే వదిలేశాను.

స్తంభాల మధ్య తాళ్ళకి కిట్‌లో ఇచ్చిన దారం లావుగా ఉంది. మా వీధిలో పట్టు నేసే దేవాంగుల ఇంట్లో అడిగితే ఒక పోగు ఇచ్చారు, దాన్ని నల్ల రంగులో ముంచి కట్టాను, దీనికి మించిన దారం ఏ కిట్‌లోనూ రాదు.

మొదటిసారి మోడల్ చేసేవాళ్ళకి ఇది వద్దనే చెప్తాను, ఓడ మీద పెట్టే చిన్న పడవల ముక్కలు మరీ చిన్నవి, నాకు మూడు వారాల రాత్రులు పట్టింది. చేయి తిరిగినవాళ్ళు ధైర్యంగా కొనండి, పార్సిల్ రాగానే అడుగు ముక్కలు వంగాయేమో చూసుకుని, వంగితే వెనక్కి పంపే గడువు దాటకముందే ఫోటోలు తీసి పెట్టండి.