బ్రున్నెన్ కత్తుల మ్యూజియం, ఇబాఖ్ షాపు, ఆ తర్వాత సోలింగెన్: దేనికి ఎంత టైమ్ ఇవ్వొచ్చు

స్విట్జర్లాండ్ వెళ్ళే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది, జ్యూరిక్‌లో దిగడం, లుసర్న్, టిట్లిస్, ఇంటర్లాకెన్, మధ్యలో ఎక్కడో ఒక షాపులో దూరి తెల్ల క్రాస్ ఉన్న ఎర్ర కత్తులు నాలుగైదు కొనేసి చుట్టాలకి పంచడం. ఆ కత్తి చేసే కుటుంబం ఊరు లుసర్న్ నుంచి ముప్పావుగంట రైలు దూరంలోనే ఉందని చాలామందికి తెలీదు. కంపెనీ పేరు విక్టోరినాక్స్, దాని ఫ్యాక్టరీ ఇబాఖ్ అనే చిన్న ఊళ్ళో ఉంది, మ్యూజియం మాత్రం పక్కనే సరస్సు ఒడ్డున బ్రున్నెన్‌లో. ఫ్యాక్టరీ లోపల తిరిగి చూద్దాం అనుకుని వెళ్తే కుదరదు, మామూలు టూరిస్టులకి మ్యూజియమే.

వెళ్ళేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు రైలు, ఇది నా సలహా. లుసర్న్ నుంచి పడవకి రెండు గంటల దాకా పడుతుంది కానీ స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే పైసా అదనంగా కట్టక్కర్లేదు. పాత ఆవిరి పడవలు ఈ సరస్సులో ఇంకా ఐదు తిరుగుతున్నాయి, టైమ్‌టేబుల్లో చూస్కుని అదే ఎక్కండి, మధ్యలో నిలబడి కిందకి చూస్తే ఇంజను పిస్టన్లు ఆడటం కనిపిస్తుంది, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. పై డెక్కు ఫస్ట్ క్లాసువాళ్ళకి, సెకండ్ క్లాసు పాస్ అయితే కిందే కూర్చోవాలి, దాని వల్ల పెద్దగా పోయేదేమీ లేదు.

మ్యూజియం, షాపు ఒకే బిల్డింగు, పడవ దిగాక నడిచే దూరమే. పెద్ద మ్యూజియం అనుకుని వెళ్ళకండి. గబగబా అద్దాల పెట్టెలు చూసుకుంటూ పోతే అరగంటలో బయటికొచ్చేస్తారు, వచ్చి "ఇంతేనా" అంటారు. కథ తెలుసుకుని వెళ్తే మాత్రం గంటన్నర తెలీకుండా గడిచిపోతుంది, అందుకే ఆ కథ కొంచెం చెప్తాను.

కార్ల్ ఎల్సెనర్ అని ఒకాయన, 1860లో పుట్టాడు, కత్తుల పని నేర్చుకుని పారిస్‌లోనూ జర్మనీలో టుట్లింగెన్‌లోనూ పనిచేసి వచ్చి 1884లో ఇబాఖ్‌లో సొంత వర్క్‌షాప్ పెట్టాడు. అప్పట్లో ఇబాఖ్ ఉన్న ష్వీజ్ ప్రాంతం బాగా పేదది, పనుల్లేక జనం వలస పోయేవాళ్ళు. అదే టైములో స్విస్ ఆర్మీకి కొత్త రైఫిల్ వచ్చింది, దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి, డబ్బా తిండి తెరవడానికి ఓపెనర్ కావాలి, అన్నీ కలిపి ఒకే మడత కత్తి ఇద్దాం అనుకున్నారు. తీరా ఆర్డర్ ఇద్దామంటే 15,000 కత్తులు చేయగల కంపెనీ దేశంలోనే లేదు, మొదటి ఆర్డర్ జర్మనీలోని సోలింగెన్‌కి పోయింది! మన సైనికుడి జేబులో మన కత్తే ఉండాలని ఎల్సెనర్ మిగతా కత్తులవాళ్ళని కలుపుకుని ఒక సంఘం పెట్టి 1891లో మొదటి విడత సప్లై చేశాడు. చేశాడు సరే, సోలింగెన్‌వాళ్ళు అదే కత్తిని మెషీన్ల మీద ఇంకా చవగ్గా చేసి ఇచ్చేవాళ్ళు. సంఘంలోవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఈయన మాత్రం పట్టు వదల్లేదు, ఉన్నదంతా పోగొట్టుకున్నాడు, చివరికి చుట్టాలు ఆదుకుంటే గానీ అప్పులవాళ్ళ నుంచి బయటపడలేదు.

అక్కణ్ణుంచి పైకి తెచ్చింది 1897 జూన్ 12న రిజిస్టర్ చేయించిన ఆఫీసర్ కత్తి. సైనికుడి కత్తి బరువు, మొరటు. దీన్ని సన్నగా, తేలిగ్గా చేసి ఒక చిన్న బ్లేడూ, సీసా బిరడా లాగే కార్క్‌స్క్రూ కలిపాడు. ఇందులో అసలు తెలివి స్ప్రింగుల్లో ఉంది. వీపు మీద ఉండే రెండే రెండు స్ప్రింగులు రెండు వైపులా పనిచేస్తూ మొత్తం ఆరు పనిముట్లని పట్టుకుంటాయి. అందుకే అన్ని పనిముట్లున్నా జేబులో లావుగా అనిపించదు. ఇంకో తమాషా ఏంటంటే దీన్ని ఆర్మీ ఎప్పుడూ అధికారికంగా ఇవ్వలేదు, ఆఫీసర్లే షాపులో సొంత డబ్బుతో కొనుక్కున్నారు. మ్యూజియంలో ఈ పాత కత్తుల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను, చేతిలో పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ.

1909లో తల్లి విక్టోరియా చనిపోయింది, ఆమె పేరే బ్రాండుకి పెట్టాడు, డాలులో క్రాస్ గుర్తూ అప్పుడే వచ్చింది. 1921లో తుప్పు పట్టని స్టీలు వాడటం మొదలయ్యాక ఆ స్టీలు పేరు "ఇనాక్స్" చివర చేరి విక్టోరినాక్స్ అయింది. 1931లో గట్టిపరిచే కొలిమి మొత్తం కరెంటుది పెట్టారు. ఇది నాకు బాగా నచ్చిన విషయం, ఎందుకంటే కత్తికి ప్రాణం ఆ కాల్చి చల్లార్చే దశలోనే ఉంటుంది, ఒక కత్తికి ఒకలా ఇంకో కత్తికి ఇంకోలా వేడి తగిలితే పనికిరాదు. ఒకే కత్తిలో అన్నీ ఒకే గట్టిగా ఉండవు కూడా, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద బ్లేడు 56, స్ప్రింగు 49 ఉంటుంది, స్ప్రింగు కాస్త మెత్తగా ఉండకపోతే విరిగిపోతుంది కదా.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైనికులు వీటిని సంచుల్లో వేసుకుపోయారు, ఆఫీసర్ కత్తి అనే జర్మన్ పేరు నోరు తిరక్క "స్విస్ ఆర్మీ నైఫ్" అనేశారు, అలా ప్రపంచమంతా పాకింది. తరవాత పెద్ద దెబ్బ 2001 సెప్టెంబర్ 11. విమానం లోపలికి కత్తి నిషేధం, ఎయిర్‌పోర్టు షాపుల్లో అమ్మకం ఒక్కసారిగా ఆగిపోయింది, జేబు కత్తుల అమ్మకాలు 30 శాతానికి పైగా పడిపోయాయి. వేరే కంపెనీ అయితే వెంటనే మనుషుల్ని తీసేసేది. వీళ్ళు ఓవర్‌టైమ్ ఆపారు, సెలవులు ముందే వాడుకోమన్నారు, కొంతమందిని చుట్టుపక్కల కంపెనీలకి కొన్నాళ్ళు పనికి పంపారు, ఒక్కరిని కూడా తీసెయ్యలేదు. మంచి రోజుల్లో లాభమంతా పంచేసుకోకుండా దాచిపెట్టడం వల్లే అది కుదిరింది. 2000లోనే వాటాల్లో ఎక్కువ భాగం ఒక ఫౌండేషన్‌కి రాసేశారు కాబట్టి వారసులు అమ్ముకుని పోయే అవకాశమూ లేదు. ఇప్పుడు నడిపేది నాలుగో తరం, ఆయన పేరూ కార్ల్ ఎల్సెనరే. సగం ఆర్మీ ఆర్డర్ పంచుకున్న పాత పోటీదారు వెంగర్‌ని 2005లో వీళ్ళే కొన్నారు.

ఇక మ్యూజియం దగ్గర సొంతంగా కత్తి బిగించుకునే వర్క్‌షాప్ సంగతి. ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి, సీజన్‌లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. పక్కనే ఒక మనిషి ఉండి చూపిస్తూ ఉంటే రివెట్ల మీద పలక, స్ప్రింగు, బ్లేడు, మళ్ళీ పలక ఇలా పేర్చుకుంటూ పోవాలి, ప్రెస్ నొక్కాలి, చివర్లో ఎర్ర తొడుగులు. తొందరగానే అయిపోతుంది, డబ్బుకి తగ్గదేనా అంటే పిల్లలుంటే కళ్ళు మూసుకుని బుక్ చేయండి. పెద్దవాళ్ళకి కూడా ఆ రెండు స్ప్రింగుల మాయ చేత్తో చేస్తేనే అర్థమవుతుంది, అద్దంలోంచి చూస్తే కాదు.

కొనడానికే వెళ్ళేవాళ్ళకి ఇబాఖ్ ఫ్యాక్టరీ షాపు ఉంది, బ్రున్నెన్ నుంచి ష్వీజ్ వైపు బస్సులో దారిలోనే. అక్కడ వెరైటీ ఎక్కువ, ముఖ్యంగా వంటింటి కత్తులు, టమాటాలు కోసే, రంపంలా పళ్ళున్న బ్లేడుతో చిన్న కత్తి ఉంటుంది చూడండి, నన్నడిగితే అన్నిటికంటే డబ్బుకి తగ్గది అదే, కొన్ని ఫ్రాంకులు పెడితే ఏళ్ళ తరబడి వస్తుంది. పెద్ద డిస్కౌంట్లు ఉంటాయని మాత్రం ఆశపడకండి, ధర కోసమే అయితే అంత దూరం దండగ. 33 పనులు చేసే స్విస్‌చాంప్ చూడ్డానికి బావుంటుంది, జేబులో రాయిలా ఉంటుంది, రోజూ వాడాలంటే పనిముట్లు రెండే పొరల్లో ఉండే మామూలు కత్తే తీస్కోండి.

బస ఎక్కడ? లుసర్న్‌లో స్టేషన్ దగ్గర ఒక హోటల్లో, తర్వాత బ్రున్నెన్‌లో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. లుసర్న్ హోటల్ పేరు చెప్పను గానీ ఎండాకాలం ఏసీ లేదు, కిటికీ తీస్తే ట్రామ్ లేకపోయినా బస్సుల మోత, మూస్తే ఉక్క. బ్రున్నెన్‌లో గది ఇంకా చిన్నది, లిఫ్టు లేదు, అయినా పొద్దున్నే కిటికీ లోంచి మైథెన్ కొండలు కనిపిస్తుంటే ఎవరికి కోపం వస్తుంది. శాకాహారులకి రాత్రి తిండి ఇబ్బందే, ఊరు తొందరగా పడుకుంటుంది, సాయంత్రమే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి సరుకు తెచ్చుకోండి, ఆదివారం అయితే ముందు రోజే.

ఒక రోజు మిగిల్తే స్టూస్ ఫ్యునిక్యులర్ (తాడుతో కొండెక్కే రైలు) ఎక్కండి, 2017లో మొదలైంది, 110 శాతం వాలు, పెట్టెలు పీపాల్లా తిరుగుతూ మనల్ని నిటారుగానే ఉంచుతాయి. ష్వీజ్‌లో స్విట్జర్లాండ్‌కి పునాదిగా చెప్పుకునే 1291 నాటి ఒడంబడిక పత్రం మ్యూజియం చరిత్ర ఇష్టమున్నవాళ్ళకే.

జర్మనీ కూడా ప్లాన్‌లో ఉంటే సోలింగెన్ కలపండి, ఎల్సెనర్‌ని దాదాపు ముంచేసిన ఊరు కదా. అందం విషయంలో బ్రున్నెన్‌తో పోలికే లేదు, మామూలు పారిశ్రామిక ఊరు, డ్యూసెల్‌డార్ఫ్ నుంచి లోకల్ రైలు, ఊళ్ళో కరెంటు తీగల కింద నడిచే ట్రాలీ బస్సులు. పని ఎలా జరుగుతుందో చూడాలంటే మాత్రం ఇదే గొప్పది. హెండ్రిక్స్ అనే కుటుంబం 1886లో పెట్టిన ఫోర్జు (ఇనుము కాల్చి సుత్తితో కొట్టే కార్ఖానా) 1986లో మూతపడితే మెషీన్లతో సహా మ్యూజియం చేసేశారు, పైనుంచి పడే పెద్ద సుత్తి, డ్రాప్ హ్యామర్, పడితే కాళ్ళ కింద నేల అదురుతుంది, ఎర్రగా కాలిన ఇనుము ఒక్క దెబ్బకి కత్తెర ఆకారం అయిపోతుంది. ప్రదర్శన టైములు ముందే చూస్కుని వెళ్ళండి. సోలింగెన్‌లోనే గ్రాఫ్రాత్ అనే పేటలో కత్తుల మ్యూజియం కూడా ఉంది, పాత కత్తులూ ఖడ్గాలూ బోలెడు, నాకైతే సగంలో బోర్ కొట్టింది. ఇక్కడ వంటింటి కత్తి కొంటే బ్లేడు మీద "సోలింగెన్" అని ఉందో లేదో చూడండి, ఊరి పేరుకి 1938 నుంచి చట్టరక్షణ ఉంది, బయట చేసిన కత్తి మీద ఆ పేరు వెయ్యకూడదు.

ఎక్కడ కొన్నా చెకిన్ లగేజీలోనే పెట్టండి. క్యాబిన్ బ్యాగ్ ఒక్కటే ఉన్నవాళ్ళు బ్లేడు లేని జెట్‌సెట్టర్ మోడల్ అడగొచ్చు, కానీ దానిమీద కూడా ఆఖరి మాట సెక్యూరిటీవాళ్ళదే.